చిత్తుప్రతిని పారేయకండి



ఇవాళ రాయడం నేర్చుకుంటున్న కాలేజీ పిల్లల గురించి మాట్లాడుకుందాం. కోర్సు అయిపోయేనాటికి తమ రాత ఎంత ఎదిగిందో తామే చెప్పాల్సి వచ్చిన పిల్లలు వీళ్లు. అలా చెప్పడం అంత తేలికేం కాదు. ఎందుకు కాదో చూద్దాం. తేలిక చేసే ఉపాయం ఒకటుంది, అదీ చెప్తాను.

అమెరికాలో పిల్లలు డిగ్రీ చదువుతున్న ఇళ్లలో ఈ సంగతి తెలిసే ఉంటుంది. అక్కడ ఇంజనీరింగులో చేరినా, బయాలజీలో చేరినా, చాలా యూనివర్సిటీల్లో మొదటి ఏడాది వ్యాసరచన కోర్సు ఒకటి చదవాలి. తెలుగిళ్ల పిల్లలూ చదువుతారు. సెమిస్టరు పొడుగునా వ్యాసాలు రాయిస్తారు. ఆఖర్న చాలామంది టీచర్లు ఇంకో కాగితం అడుగుతారు. "ఈ కోర్సులో నీ రాత ఎలా మారింది? నువ్వు రాసినవే చూపించి చెప్పు" అంటారు.

అక్కడ పెన్ను ఆగిపోతుంది. లెక్కల్లో అయితే మార్కులు చూపించొచ్చు. పరుగుపందెంలో అయితే గడియారం ఉంది. రాతకి ఏముంది? పిల్లలు కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తారు. తర్వాత రాస్తారు. "ఈ కోర్సు వల్ల నేను చాలా నేర్చుకున్నాను. నా భాష మెరుగుపడింది. ఆత్మవిశ్వాసం పెరిగింది. మా టీచరుగారికి కృతజ్ఞతలు."

ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ రాసిన పిల్ల కూడా లేదు. పైన పేరు కొట్టేసి పక్క బెంచీ అబ్బాయి పేరు పెట్టినా సరిపోతుంది. మన దగ్గర ఇంటర్న్‌షిప్ రిపోర్టుల చివర "నేను ఏం నేర్చుకున్నాను" అని ఒక పేజీ ఉంటుంది చూడండి, అదీ ఇదే బాపతు. ఒకరిది చూసి పదిమంది ఎక్కించేస్తారు.

తప్పు పిల్లలది కాదు. వాళ్ల చేతిలో ఆధారం లేదు. వ్యాసం పూర్తవగానే చిత్తుప్రతిని చింపేశారు. కంప్యూటరులో అయితే పాతదాని మీదే కొత్తది రాసేశారు. మిగిలింది సాపుప్రతి ఒక్కటే. దాన్ని ఎంత సేపు చూసినా అది ఎలా వచ్చిందో చెప్పదు.

పాతకాలపు కొట్లలో లెక్కలు రెండు పుస్తకాల్లో ఉండేవి. ఒకటి చిట్టా, ఒకటి ఆవర్జా. రోజు పొడుగునా జరిగింది జరిగినట్టు చిట్టాలో పడేది. తీరిగ్గా కూచుని, ఎవరి పద్దు వారికింద ఆవర్జాలోకి ఎక్కించేవారు. ఆవర్జా శుభ్రంగా ఉంటుంది. కానీ ఎక్కడైనా మొత్తం తేడా వస్తే గుమాస్తా చిట్టానే తెరిచేవాడు. ఫలానా రోజు ఏం జరిగిందో అందులోనే ఉంటుంది కాబట్టి. మన పిల్లలు ఆవర్జా ఒక్కటి దాచి, చిట్టా పొయ్యిలో పెడుతున్నారు. తర్వాత ఎదుగుదల చూపించమంటే ఎక్కడినుంచి చూపిస్తారు?

కాబట్టి నేను చెప్పదలచుకున్న ఉపాయం ఇదీ. చిత్తుప్రతిని పారేయకండి. దాని మీద తేదీ వేయండి. మార్చినప్పుడు ఎందుకు మార్చారో పక్కన ఒక ముక్క రాయండి. ఇంతే. కాస్త సేపట్లో మళ్లీ చెప్తాను. ఈలోగా ఇది ఎందుకు పనికొస్తుందో చూద్దాం.

అమెరికాలో ఈ వ్యాసరచన కోర్సు మొదలైంది ఎదుగుదల చూపించే ఉద్దేశంతో కాదు. హార్వర్డులో 1870ల్లో ప్రవేశ పరీక్షకి ఇంగ్లీషు వ్యాసం రాయమన్నారు. కుర్రాళ్లు రాసినవి చూసి అధ్యాపకులు తల పట్టుకున్నారు. స్పెల్లింగు లేదు, విరామచిహ్నాలు లేవు. 1885 నాటికి "ఇంగ్లిష్ ఎ" అనే కోర్సుని మొదటి ఏడాదికి తెచ్చారు. అక్కడే బారెట్ వెండెల్ అనే ఆయన రోజుకో చిన్న రచన చేయించేవాడు. రోజూ రాయడం మంచి అలవాటే. కానీ ఆ కాలం కోర్సుల ధ్యాసంతా తప్పుల మీదే. ఎర్రసిరాతో దిద్దడం, తప్పులు లెక్కపెట్టడం. తప్పులు తగ్గితే ఎదిగినట్టు.

మన దగ్గర ఇంకో చిక్కు ఉండేది. 1910 తర్వాత మద్రాసు యూనివర్సిటీ పరిధిలో పెద్ద రగడ జరిగింది. కాలేజీ పిల్లలు తెలుగు వ్యాసం ఏ భాషలో రాయాలి? గ్రాంథికంలోనా, వాడుక భాషలోనా? గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుక భాష వైపు నిలబడ్డారు. గురజాడ అప్పారావుగారు 1914లో సుదీర్ఘమైన అసమ్మతి పత్రమే రాశారు. అప్పటికి మాత్రం గ్రాంథికమే నెగ్గింది. ఒక్కసారి ఆ కుర్రాడి స్థితి ఊహించండి. ఇంట్లో ఒక భాష, బజారులో అదే భాష, కాగితం మీద మాత్రం ఇంకోటి. తన మాట కానిదాంట్లో తన ఎదుగుదల ఎక్కడ కనబడుతుంది? అరసున్న మర్చిపోలేదా, సంధి తప్పలేదా, అదొక్కటే కొలత.

అమెరికాలో తప్పులు లెక్కపెట్టే ఈ చూపు మారడానికి దాదాపు వందేళ్లు పట్టింది. 1971లో అచ్చయిన పరిశోధన కోసం జానెట్ ఎమిగ్ అనే ఆవిడ షికాగో చుట్టుపక్కల హైస్కూలు ఆఖరి ఏడాది పిల్లల్ని ఎనిమిదిమందిని కూచోబెట్టి, రాస్తూ రాస్తూ మనసులో అనుకునేవి పైకి చెప్పమంది. రాసిన కాగితం కన్నా రాస్తున్న మనిషిని చూడాలని ఆవిడ ఆలోచన. ఇంత మామూలు సంగతి అంతదాకా ఎవరికీ పట్టకపోవడం నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

తర్వాత 1980లో నాన్సీ సోమర్స్ ఒక పరిశోధన ప్రచురించింది. ఇది కొంచెం శ్రద్ధగా వినండి. ఇరవైమంది కాలేజీ పిల్లలు. ఇరవైమంది రాతలో చెయ్యి తిరిగిన పెద్దవాళ్లు. ఒక్కొక్కరి చేత మూడేసి వ్యాసాలు రాయించింది. ఒక్కో వ్యాసాన్నీ రెండుసార్లు తిరగరాయించింది. ప్రతులన్నీ పక్కపక్కన పెట్టి చూసింది. అందరితోనూ మాట్లాడింది. ఏం తేలింది? పిల్లలు తిరగరాయడం అంటే మాటలు మార్చడం అనుకున్నారు. ఈ మాట బాలేదు, ఇంకో మాట పెడదాం. ఈ మాట రెండుసార్లు పడింది, ఒకటి తీసేద్దాం. పెద్దవాళ్లు అలా కాదు. నేను అసలు ఏం చెప్తున్నాను, చదివేవాడికి ఇది అందుతుందా అని వెతుక్కున్నారు. అవసరమైతే పేరాలకి పేరాలే ఎత్తేశారు.

మళ్లీ చెప్తాను. పిల్లలు మాటలు మార్చారు. చెయ్యి తిరిగినవాళ్లు చెప్పేదాన్నే మార్చారు.

నా దృష్టిలో రాతలో ఎదగడం అంటే చాలావరకు ఈ దారిలో ఒక చివరినుంచి ఇంకో చివరికి నడవడమే. ఆ నడక సాపుప్రతిలో కనబడదు. ప్రతులు పక్కపక్కన పెడితేనే కనబడుతుంది. సోమర్స్‌కి కనబడింది అందుకే.

ఒక ఉదాహరణ చెప్పుకుందాం. ఒక అమ్మాయి తన ఊరి సంత మీద వ్యాసం రాస్తోంది అనుకోండి. మొదటి ప్రతి ఇలా ఉంది. "మా ఊరి సంత చాలా సందడిగా ఉంటుంది. అక్కడ రకరకాల వస్తువులు దొరుకుతాయి. దూర ప్రాంతాలనుంచి జనం వస్తారు."

టీచరు బాగు చేసి తెమ్మన్నారు. రెండో ప్రతి తెచ్చింది. "మా గ్రామంలోని సంత ఎంతో కోలాహలంగా ఉంటుంది. అక్కడ వైవిధ్యభరితమైన వస్తువులు లభ్యమవుతాయి. సుదూర ప్రాంతాలనుంచి ప్రజలు తరలివస్తారు." చూశారా? సందడి పోయి కోలాహలం వచ్చింది. దూరం పోయి సుదూరం వచ్చింది. సంత మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. నన్నడిగితే ఒక మెట్టు దిగింది కూడా.

ఆ ప్రతిని పక్కనున్న స్నేహితురాలు చదివి, "ఇది ఏ ఊరి సంతే?" అని అడిగింది. ఈ అమ్మాయి గతుక్కుమంది. ఏ ఊరిదైనా కావచ్చు. ఆ రాత్రి మూడో ప్రతి రాసింది. "మధ్యాహ్నం రెండు దాటితే వంకాయల ధర పడిపోతుంది. మా అమ్మ అప్పుడే సంచీ తీస్తుంది. కూరలమ్మేవాళ్లకి ఆఖరి బస్సు నాలుగింటికి. ఆ సంగతి మా అమ్మకి తెలుసు. మా అమ్మకి తెలుసని వాళ్లకీ తెలుసు."

ఇప్పుడు ఇది ఆ ఊరి సంత. ఆ అమ్మే, ఆ బస్సే. వాడిన మాటలు చూస్తే మొదటి ప్రతిలోవాటికన్నా చిన్నవి.

ఈ అమ్మాయి మూడు ప్రతులూ దాచింది అనుకోండి. మూడోదాని పక్కన ఇలా రాసుకుంది అనుకోండి. "ఇది ఏ ఊరి సంత అని అడిగితే నేను చెప్పలేకపోయాను. అమ్మ ఎప్పుడూ ఎండలోనే సంతకి ఎందుకు వెళ్తుందో ఇంతకుముందు ఆలోచించలేదు. రాస్తుంటే తట్టింది. నేను రాయాల్సింది సంత గురించి కాదు, బేరం గురించి. అందుకే పాత మొదటి పేరా మొత్తం కొట్టేశాను."

కోర్సు చివర టీచరు "నీ రాత ఎలా మారింది" అని అడిగితే, ఈ అమ్మాయి కిటికీ వైపు చూడక్కర్లేదు. ఈ ముక్కే తీసి చూపిస్తే చాలు. ఆ కాగితం మీద పేరు మార్చి పక్క బెంచీ అబ్బాయికి ఇవ్వడం కుదరదు. ఆ అబ్బాయి వాళ్లమ్మ ఎండలో సంతకి వెళ్లదు మరి.

ఇది చిన్న పిల్లల సంగతి అనుకోకండి. గురజాడవారి కన్యాశుల్కం నాటకం తీసుకోండి. విజయనగరంలో 1892లో మొదటిసారి ఆడారు. 1897లో అచ్చయింది. మెచ్చుకున్నారు, పేరొచ్చింది. మామూలు రచయిత అయితే అక్కడితో ఊరుకునేవాడు. అప్పారావుగారు ఊరుకోలేదు. పన్నెండేళ్ల తర్వాత, 1909లో, మళ్లీ అచ్చు వేశారు. అక్కడా ఇక్కడా దిద్ది వేసింది కాదు అది. బాగా పెరిగి, దాదాపు కొత్త నాటకమే అయింది. మొదటి ప్రతిలో మధురవాణి చిన్న పాత్ర. రెండోదాంట్లో నాటకం పగ్గాలు ఆమె చేతికి వచ్చేశాయి. ఇవాళ మనం మధురవాణి అని తలుచుకునేది 1909 మధురవాణినే.

సోమర్స్ చెప్పింది ఇక్కడ పెట్టి చూడండి. అప్పారావుగారు సందడి తీసి కోలాహలం పెట్టలేదు. బాల్యవివాహాల మీద రాసిన నాటకాన్ని తిరగేసి, ఇందులో అందరికన్నా తెలివైనదెవరు, అందరినీ చదవగలిగినదెవరు అని చూసుకున్నట్టున్నారు. ఇది నా ఊహే అనుకోండి. కానీ రెండు ప్రతులూ మిగిలాయి కాబట్టే ఈ ఊహ చేయగలుగుతున్నాం. 1897 ప్రతి మాయమైపోయి ఉంటే, 1909 నాటకం ఆకాశంలోంచి ఊడిపడిందనుకునేవాళ్లం. మహానుభావుడు ఒక్క ఊపులో రాసేశాడు అని పిల్లలకి చెప్పేవాళ్లం. అది విన్న పిల్ల, తన వంకర వాక్యం చూసుకుని, నాకు రాత రాదు అని పుస్తకం మూసేసేది.

ఇంకో మాట. ఇది తల్లిదండ్రులకీ, టీచర్లకీ.

ఎదుగుదల ఒక్కోసారి దిగుడులా కనిపిస్తుంది. న్యూయార్కు సిటీ యూనివర్సిటీ 1970లో తలుపులు బార్లా తెరిచింది. హైస్కూలు పాసైన ఆ ఊరి పిల్లలు ఎవరైనా రావచ్చు అంది. బీద ఇళ్ల పిల్లలు, ఇంట్లో ఇంకో భాష మాట్లాడే పిల్లలు వేలమంది చేరారు. వాళ్ల రాతలు చూసి కొందరు అధ్యాపకులు వీళ్లకి చదువెందుకన్నారు. అక్కడే సిటీ కాలేజీలో పనిచేసిన మీనా షానెసీ మాత్రం ఆ కాగితాలు పట్టుకుని కూచుంది. నాలుగు వేల దాకా వ్యాసాలు చదివింది. 1977లో పుస్తకం రాసింది. ఆ తప్పులు గుడ్డి తప్పులు కావు, వాటి వెనుక ఏదో ఒక లెక్క ఉంది అని చూపించింది. పిల్లవాడు ఒక సూత్రం సగం పట్టుకున్నాడు, దాన్ని కొత్తచోట వాడబోయి బోర్లాపడ్డాడు. బోర్లాపడ్డాడంటే నడవబోయాడన్నమాటే కదా.

దీన్ని మన పిల్లలకి అన్వయించి చూడండి. మొదటి వ్యాసంలో అన్నీ పొట్టి వాక్యాలు. రాముడు వచ్చాడు, అన్నం తిన్నాడు, వెళ్లాడు. ఒక్క తప్పు లేదు. నాలుగో వ్యాసంలో "వానొచ్చినా ఆఖరి బస్సు ఆగుతుందో లేదో అన్న బెంగతో" అని ఏదో పెద్ద వాక్యం ఎత్తుకున్నాడు. ఎత్తుకున్నాడు గాని దింపలేకపోయాడు. మధ్యలో కర్త తప్పిపోయింది, క్రియ ఇంకెవరితోనో వెళ్లిపోయింది. ఎర్రసిరా లెక్క ప్రకారం ఈ అబ్బాయి వెనకబడ్డాడు. రెండు వ్యాసాలూ పక్కపక్కన పెట్టి చూసినవారికి తెలుస్తుంది, ముందుకి వెళ్లాడని. అందుకే అమ్మా, నాన్నా, మీరు మార్కుల కాగితం చూడండి, వద్దనను. దాంతోపాటు పిల్లవాడి మొదటి వ్యాసం, ఆఖరి వ్యాసం రెండూ అడిగి చదవండి. ఏ వాక్యం రాయడానికి భయపడేవాడు, ఇప్పుడు ఏది రాస్తున్నాడు అని చూడండి.

ఈ ఆలోచనల తర్వాతే అమెరికా కాలేజీల్లో పిల్లల రాతలు కట్టగట్టి చూసే పద్ధతి బలపడింది. న్యూయార్కు రాష్ట్రంలో స్టోనీ బ్రూక్ యూనివర్సిటీలో పీటర్ ఎల్బో, ప్యాట్ బెలనాఫ్ అనే ఇద్దరు 1980ల్లో దీన్ని గట్టిగా నడిపించారు. ఒక్క పూట పరీక్షలో రాసిన ఒక్క వ్యాసంతో పిల్లని తేల్చేయొద్దు, సెమిస్టరు పొడుగునా రాసి తిరగరాసినవి చూసి తేల్చండి అన్నారు. దాన్నే పోర్ట్‌ఫోలియో అంటున్నారు. ఎలా ఎదిగావో చెప్పమని అడిగే ఆ ఆఖరి కాగితం ఇలాంటి కట్టలకి ముందుమాటగానే ఉంటుంది. కట్ట లేకుండా ముందుమాట రాయమంటే ఎవరు మాత్రం ఏం రాస్తారు?

మన కాలేజీలకి ఇంకా ఈ పద్ధతి పెద్దగా రాలేదు. సెక్షనుకి అరవైమంది పిల్లలుంటే ఒక్కో పిల్లవి నాలుగేసి ప్రతులు చదవడం ఏ లెక్చరరుకైనా కష్టమే. ఆ కష్టం లేదని నేననను. కానీ చిత్తుప్రతి దాచుకోవడానికి కాలేజీ అనుమతి అక్కర్లేదు. చదివిపెట్టడానికి పక్క బెంచీ స్నేహితురాలున్నా చాలు. ఆవిడ వ్యాకరణం దిద్దక్కర్లేదు. ఎక్కడ అర్థం కాలేదో, ఎక్కడ ఆవులింత వచ్చిందో చెప్తే చాలు.

సరే, ఉపాయం మళ్లీ చెప్తానన్నాను. ఈసారి నెమ్మదిగా.

చేత్తో రాసేవాళ్లు చిత్తుకాగితాన్ని ఫైలులో పెట్టండి. పైన మూల తేదీ వేయండి. కంప్యూటరులో రాసేవాళ్లు పాత ఫైలు మీద కొత్తది సేవ్ చేయకండి. పేరు చివర తేదీ పెట్టి వేరే ఫైలుగా దాచండి. గూగుల్ డాక్స్‌లో రాసేవాళ్లకి ఇంకా సుఖం. అందులో వెర్షన్ హిస్టరీ అని ఉంటుంది. ఏ రోజు ఏం మార్చారో అదే గుర్తుపెట్టుకుంటుంది. అయితే ఏం మార్చారో దానికి తెలుసు గాని, ఎందుకు మార్చారో దానికి తెలియదు. ఆ ముక్క మీరే రాయాలి. రెండు మూడు వాక్యాలు చాలు. ఆ పూటే రాయండి. వారం దాటితే మీకే గుర్తుండదు.

ఆ ముక్కలో ఏం రాయాలి? "మెరుగుపరిచాను" అని రాయకండి. దానివల్ల మీకేమీ తెలియదు. ఏ వాక్యం తీశారు? ఎవరేమన్నారు? ఏది తీయడానికి మనసొప్పలేదు? ఏది ఇంకా కుదరలేదు? ఈ ఆఖరిది తప్పకుండా రాయండి. ఇంకా కుదరనిది ఏమిటో చెప్పగలిగిన పిల్లని చూస్తే ఏ టీచరైనా కుర్చీలో ముందుకి జరుగుతాడు.

ఈమధ్య కొందరు పిల్లలు వ్యాసం రాసే పనిని ఫోనులోని యంత్రానికి అప్పజెప్తున్నారు. తప్పొప్పులు కాలేజీవాళ్లు చూసుకుంటారు. నేను ఒక్కటే అంటాను. అలా వచ్చిన వ్యాసానికి మీ చిత్తుప్రతి ఉండదు. ఎందుకిలా మార్చావు అని అడిగితే, మీరు మార్చలేదు కాబట్టి, చెప్పడానికి ఏమీ ఉండదు. మళ్లీ "చాలా నేర్చుకున్నాను" దగ్గరికే వస్తారు.

కోర్సు సగం దాటిపోయింది, చిత్తులన్నీ పారేశాను అంటారా? ఈమెయిలు పెట్టె వెతకండి. టీచరుకి పంపిన పాత ప్రతి అక్కడుండొచ్చు. స్నేహితురాలికి వాట్సాప్‌లో పంపిన ఫోటో ఉండొచ్చు. నోటుపుస్తకం వెనుక పేజీలు తిరగేయండి, చాలామంది వ్యాసాలు అక్కడే మొదలవుతాయి. ఒక్క పేరా దొరికినా చాలు. దాన్ని మళ్లీ రాయకండి. ముందు కూచుని చదవండి. అప్పుడు అలా ఎందుకు రాశారో, ఇప్పుడైతే ఎలా రాస్తారో పక్కన పెన్సిలుతో రాయండి. మీ ఆఖరి కాగితంలో మొదటి పేరా అదే అవుతుంది.

నాకిచ్చిన సమయం అయిపోవచ్చింది. ఇవాళ రాత్రి రాసేవాళ్లెవరైనా ఉంటే, కాగితం మూల తేదీ వేసి మొదలుపెట్టండి.